చాప కింద సంతకం

తొమ్మిదయినా చాప ఎవరూ తియ్యలేదు.

వాకిట్లో ఎండలో పద్నాలుగు మంది తలలు వంచుకుని కూర్చున్నారు. కోడి కూయకముందే పక్కనున్న వైమాలా ఊరి నుంచి వచ్చారు. అందరికంటే ముందు ఇద్దరి మీద మొగలాకు నారతో నేసిన పెద్ద చాప కప్పి ఉంది. ఆ ఇద్దరూ ఎవరో ఇంట్లోవాళ్లకి తెలీదు. చాప ముందు కట్టెలు, నల్లరాళ్లు, అరిటాకులు పెట్టారు. మమ్మల్ని కాల్చి వండుకున్నా మీ ఇష్టమే అని దానర్థం. ఇంటి పెద్ద వెళ్లి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే రెండు ఊళ్ల మగవాళ్లూ కత్తులు నూరుకోవాల్సిందే.

ఆ ఇంటికి పెద్ద సెతెఫానో. దేశం మొత్తానికి న్యాయశాఖలో రెండో మనిషి కూడా అతనే.

"నువ్వు ఆ స్తంభం దాటావంటే నాకు తమ్ముడు లేడు" అంది ఎసెత.

ఇల్లు నాలుగు పక్కలా తెరిచే ఉంది. కొబ్బరాకు తడికలు పైకి చుట్టేసి ఉన్నాయి. లోపల మాట్లాడే ప్రతి ముక్కా వాకిట్లోకి వినపడుతుంది. వినపడాలనే ఎసెత గొంతు తగ్గించడం లేదు.

ఆమె కొడుకు ఫెతు. పందొమ్మిదేళ్లవాడు. శనివారం సాయంత్రం కిరికిటి ఆటలో అవుటయ్యాడా లేదా అని గొడవ వచ్చింది. వైమాలా ఊరి తోమాసి అనేవాడు ఇంటికెళ్లి, మూడంచుల బ్యాటు పట్టుకుని తిరిగొచ్చి, వెనక నుంచి ఫెతు తల మీద కొట్టి చంపాడు. ఇంటికెళ్లి తిరిగొచ్చాడు. అదే ఎసెతకి మింగుడుపడని ముక్క. కోపంలో కొట్టినవాడు చేతికందిందాంతో కొడతాడు. వీడు నడిచెళ్లి తెచ్చుకున్నాడు.

సమసోని బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. వంశం తరఫున సభల్లో మాట్లాడే పెద్దమనిషి. ఎనభై దగ్గర పడ్డాడు.

"అమ్మా ఎసెతా, ఆ కిందున్నది ఎవడో ముసలాడే అయ్యుంటాడు. పెద్ద బిరుదున్నవాణ్ణే కూర్చోబెడతారు. ఎండ చూడు."

"నా కొడుకు ఆసుపత్రిలో ఐసు మీద ఉన్నాడు బాబాయ్. వాళ్లని ఎండలో ఉండనీ."

"అది కాదే తల్లీ..."

"వండుకోండి అని రాళ్లు కూడా తెచ్చారుగా. వేడెక్కుతున్నాయిలే."

సెతెఫానో భార్య లోసా నీళ్ల చెంబు తీసుకుని లేచింది.

"ఎక్కడికి?" అంది ఎసెత.

"వెనక వరసలో ఆడవాళ్లున్నారు వదినా. ఒక్క గుక్కెడు..."

"నీళ్లిస్తే సగం క్షమించినట్టే. కూర్చో. నువ్వు కన్న పిల్లాడు కాదు కాబట్టి నీకు దాహాలు కనపడుతున్నాయి."

లోసా కూర్చుంది. చెంబు ఒళ్లో పెట్టుకుంది. పిల్లలు లేని ఆడదాన్ని ఆ మాట అనకూడదు. కడుపు కాలినవాళ్లకి ఏది అనకూడదో గుర్తుండదు. గుర్తున్నా ఆగరు.

సెతెఫానో అక్కని ఏమీ అనలేదు. అక్క మాట దాటితే వంశం నిలవదని ఈ దీవుల్లో పాలు తాగే పిల్లాడికీ తెలుసు. తమ్ముడు ఎంత పెద్ద పదవిలో ఉన్నా అక్క ముందు నేల మీదే కూర్చోవాలి. అతను కూర్చునే ఉన్నాడు.

పదింటికి పోలీసు జీపు వచ్చింది. సార్జెంట్ ఇయులియో వాకిట్లోంచి రాకుండా, కూర్చున్నవాళ్లని చుట్టి, వంటింటి పక్క నుంచి వచ్చాడు. చంకలో కాగితాల అట్ట ఉంది.

"సార్, పన్నెండుతో గడువు అయిపోతుంది. నిన్న సరిగ్గా మిట్టమధ్యాహ్నం పట్టుకున్నాం వాణ్ణి, చేమతోటలో. ఇరవై నాలుగ్గంటల్లోపు అభియోగం మీద సంతకం పడకపోతే వదిలెయ్యాలి."

"ఏమని రాశారు?"

"హత్య. వాడు ఇంటికెళ్లి బ్యాటు తెచ్చుకున్నట్టు ఐదుగురు చెప్పారు."

"హత్య అయితే పెద్దసారు పెట్టాలి."

"పెద్దసారు ఆక్లండ్‌లో ఉన్నారు కదా సార్, గుండె పరీక్షలకి. ఆయన లేకపోతే మీరే."

కాగితం సెతెఫానో చేతిలో పెట్టాడు. ఎసెత తల తిప్పి చూసింది. శనివారం తర్వాత మొదటిసారి ఆమె కళ్లు ఒకచోట నిలబడ్డాయి.

"పెట్టు" అంది.

"నేను పెట్టకూడదక్కా."

"ఎందుకని?"

"ఫెతుకి మేనమామని. నేను పెడితే రేపు వాళ్ల లాయరు లేచి, చచ్చినవాడి మేనమామ కసితో పెట్టిన సంతకం ఇది అంటాడు. జడ్జి కొట్టేస్తాడు. ఇలాంటిది ఇంతకుముందు ఒకటి కొట్టేశారు. నా కళ్లతో చూశాను."

"పెట్టకపోతే?"

"పన్నెండింటికి వదిలేస్తారు."

"వదిలేస్తే?"

సార్జెంటు నేల చూపులు చూశాడు. "మళ్లీ దొరకడమ్మా. వాళ్ల నాన్న అన్నదమ్ములకి పడవలున్నాయి."

ఎసెత నవ్వింది. ఆ నవ్వు వినలేక లోసా చెవుల మీదికి చేతులు తెచ్చుకుని, మళ్లీ దించేసింది.

"పదకొండేళ్లు ఊళ్లో వాళ్ల కొడుకులందర్నీ సంతకాలు పెట్టి లోపలికి తోశావు. ఆ తల్లులు బజార్లో నన్ను చూసి ఉమ్మేవాళ్లు. మా తమ్ముడు చట్టం మనిషి, మొహమాటం లేదు అని చెప్పుకు తిరిగాను. నా కొడుకు దగ్గరికొచ్చేసరికి నీ చెయ్యి పడిపోయిందా?"

సెతెఫానో దగ్గర దానికి జవాబుంది, కానీ అది చెప్పుకోదగ్గది కాదు. పెద్ద కుర్చీలో మనిషి చేతులు శుభ్రంగా ఉండాలంటే పక్క కుర్చీలో మనిషికి చేతులుండాలి. సభల్లో మాట్లాడేది పెద్దసారు. ఎవడి శిక్ష తగ్గించకూడదో, ఎవడి తల్లి ఏడుపు వినకూడదో తేల్చేది అతను. పదకొండేళ్లలో అతను సొంతంగా నిర్ణయించింది ఏదీ లేదు. అన్నీ పై నుంచి వచ్చినవో పైకి పంపేవో. అందుకే నిద్ర పట్టేది.

"పెద్దసారుకే ఫోను చేస్తాను" అన్నాడు. "అక్కణ్ణించి సంతకం పెట్టి ఫోనులో పంపినా చెల్లుతుంది."

నంబరు నొక్కాడు.

ఫోను వాకిట్లో మోగింది.

చర్చి పాట. పెద్దసారు మలాకి ఫోనుకి ఆ పాటే ఉంటుందని ఆఫీసులో తోటమాలికి కూడా తెలుసు. పెద్ద చాప కింద నుంచి, మెత్తగా, దుప్పటి కింద పిల్లాడు పాడినట్టు వస్తోంది. పద్నాలుగు మందిలో ఒక్క తల పైకి లేవలేదు. ఎవరూ దాన్ని ఆపలేదు. అది మోగి మోగి అదే ఆగింది.

సెతెఫానో ఫోను చెవి దగ్గరే పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"దేవుడా" అన్నాడు సార్జెంటు.

సమసోని బాబాయ్ అందుకున్నాడు. "మలాకికి ఒక కూతురుండాలి. మెలె అని. ఇరవై మూడేళ్ల కిందట ఒక బస్సు డ్రైవరుతో లేచిపోయింది. ఆ రోజు నుంచి ఆయన ఆ పేరు ఎత్తలేదు. ఆ డ్రైవరుది వైమాలానే."

"అంటే తోమాసి..."

"మనవడు. డ్రైవరు ఇంట్లో బిరుదులు ఎక్కడివి? అందుకే తల్లి తరఫు నుంచి తెచ్చుకున్నారు పెద్దమనిషిని."

మలాకికి అరవై ఎనిమిదేళ్లు. ఆక్లండ్ డాక్టర్లు మెట్లెక్కొద్దన్నారు. ఇరవై మూడేళ్లు మొహం చూడని కూతురి కోసం, ఎప్పుడూ ఎత్తుకోని మనవడి కోసం, ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా తిరిగొచ్చి, తన కింద పనిచేసేవాడి వాకిట్లో తెల్లారుజాము నుంచి కూర్చున్నాడు.

"ఏమండీ, తీసెయ్యండి" అంది లోసా. "ఆయనకేమన్నా అయితే మనం ఈ ఊళ్లో ఉండగలమా? మీకు పని నేర్పిన మనిషి."

"అయితే ఏమవుతుంది?" అంది ఎసెత. "పెద్ద కుర్చీ ఖాళీ అవుతుంది. నీ మొగుడు ఎక్కుతాడు."

"వదినా!"

"నేనంటే తప్పు. రేపు చర్చిలో ఊరంతా అంటుంది, అప్పుడు ఎవరి నోరు మూస్తావు? కుర్చీ కోసం ముసలాణ్ణి ఎండబెట్టి చంపాడంటారు. చాప తీస్తే పెద్దసారుకి భయపడి అక్క కొడుకుని అమ్ముకున్నాడంటారు. ఏదో ఒకటి అనిపించుకోక తప్పదురా సెతె. ఏది అనిపించుకుంటావో చూసుకో."



సెతెఫానో మళ్లీ ఫోను తీశాడు. ఈసారి కిందికి. ఆఫీసులో అతని తర్వాత మనిషి సిలియా. చిన్నపిల్ల, బాగా చదువుకున్నది.

"సిలియా, నేను అధికారం రాసిస్తాను. ఈ ఒక్క కాగితం మీద నువ్వు సంతకం పెట్టాలి."



"సార్, మా అమ్మది వైమాలా."

"తోమాసి మీకేమవుతాడు?"

"చుట్టరికం ఏమిటో నాకూ సరిగ్గా తెలీదు సార్. కానీ ఒకే వంటిల్లు."

ఈ దీవుల్లో ఎవడు ఎవడికి కాడు? రెండు లక్షల మందిమి, అందరం ఒకడి కుండలో తిన్నవాళ్లమే. బయటి నుంచి లాయర్ని రప్పిస్తే గురువారం విమానానికి వస్తాడు. ఇవాళ సోమవారం.

పదకొండున్నర అయింది. చాప మీద ఎండ తెల్లగా కాస్తోంది. వెనక వరసలో ఒకావిడ పక్కకి ఒరిగింది. పక్కవాళ్లు లేపి కూర్చోబెట్టారు. చాప మాత్రం కదల్లేదు.

"ఎలా కూర్చున్నాడో చూడు" అన్నాడు బాబాయ్. "రాయిలా. పాతకాలం మనిషి. ఇప్పటివాళ్లు గంటకే అటూ ఇటూ దొర్లుతారు."

సెతెఫానో అటే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"అక్కా, నీకేం కావాలి? ఆయన చావా, తోమాసికి శిక్షా?"

"రెండూ."

"ఒకటే దొరుకుతుంది."

ఎసెత వేళ్లు ఒళ్లోని కొడుకు చొక్కాని నలిపాయి. అది నిన్న ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా. ఫెతుకి తొడగాలి.

"శిక్ష" అంది. "ముందు సంతకం. హత్య అని ఉన్న కాగితం మీదే. అది పడ్డాక నువ్వు చాప తీసుకో, ముసలాణ్ణి ముద్దుపెట్టుకో, నాకక్కర్లేదు."

సెతెఫానో కాగితం, పెన్ను తీసుకుని స్తంభం దాటాడు. ఎసెత ఆపలేదు.

రాళ్లని, కట్టెలని దాటుకుని చాప పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెనక వరసల్లో ఎవరో చిన్నగా ఏడుపు మొదలెట్టారు. చాప తీస్తాడనుకున్నారు.

అతను తియ్యలేదు.

"సార్" అన్నాడు చాపతో. "నేను. సెతెఫానోని."

లోపల చిన్న కదలిక. బట్ట రాసుకున్న చప్పుడు.

"నేను సంతకం పెడితే చెల్లదు. సిలియా పెట్టలేదు. మీరు పెడితే చెల్లుతుంది సార్. మనవడి మీద తాత పెట్టిన సంతకాన్ని పక్షపాతమని ఏ లాయరూ అనలేడు. కాగితం కిందికి పంపుతున్నాను. పెట్టండి. పెట్టిన మరుక్షణం చాప తీస్తాను. మీ వాళ్ల మీద మా వాళ్ల చెయ్యి పడదు. మా అక్క ఒప్పుకుంది."

"ఒరేయ్!" సమసోని బాబాయ్ కర్ర పట్టుకుని స్తంభం దాకా వచ్చేశాడు. "చాప కిందికి కాగితం తోస్తావా? మీ తాత ముత్తాతలెవరైనా చేశారా ఈ పని? అది కాళ్ల మీద పడ్డ మనిషిరా. దాన్ని ఆఫీసు బల్ల చేస్తావా?"

"మరి నువ్వు చెప్పు బాబాయ్, ఇంకో దారి."



సెతెఫానో కాగితం చాప అంచు కిందికి తోశాడు. పెన్ను దొర్లించాడు. పదకొండేళ్లు పెద్దసారు బల్ల మీద కాగితాలు పెట్టి ఒక అడుగు వెనక్కి వేసి నిలబడటం అలవాటు. ఇప్పుడూ మోకాళ్ల మీదే ఒక అడుగు వెనక్కి జరిగాడు.

కాగితం లోపలికి వెళ్లింది. ఎవరో లాగారు.

సార్జెంటు గడియారం చూసుకున్నాడు. పన్నెండుకి పద్నాలుగు నిమిషాలు. పది. వెనక వరసలో ఏడుపు ఆగిపోయింది. ఏ కాగితమో వాళ్లకీ అర్థమైంది. ఒక మగగొంతు, డ్రైవరుదే కావచ్చు, "వద్దు" అంది. ఒక్కసారే అంది.

పన్నెండుకి ఏడు నిమిషాలుండగా కాగితం బయటికి వచ్చింది.

సెతెఫానో చూశాడు. ఎమ్ అక్షరం కొండలా లేచి, చివర తోక కిందికి దిగి, దాని కింద రెండు గీతలు. పదకొండేళ్లు రోజూ చూసిన సంతకం.

సార్జెంటు కూడా వంగి చూశాడు. "పెద్దసారుదే" అన్నాడు. గబగబా అట్టలో పెట్టి, తేదీ, టైము వేసుకుని జీపు దగ్గరికి పరిగెత్తాడు. జీపు రోడ్డెక్కేదాకా ఎసెత చూసింది. చూసి, చొక్కాలో మొహం దాచుకుంది. శనివారం నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"ఇక తియ్యి" అంది ఆ చొక్కాలోంచే.

సెతెఫానో రెండు చేతులతో చాప అంచు పట్టుకుని ఎత్తాడు.

మలాకి బాసింపట్టు వేసుకుని, తల గుండె మీదికి వాల్చి కూర్చున్నాడు. వెనక నుంచి ఒక ఆడమనిషి ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసి, ఆయన వీపుకి తన రొమ్ము ఆనించి నిలబెట్టింది. నలభై దాటిన మనిషి. జుట్టు చెమటకి మొహానికి అతుక్కుంది. రెండో చేతిలో పెన్నుంది.

మలాకి కళ్లు సగం తెరిచి ఉన్నాయి. కంటి మీద ఈగ వాలింది. రెప్ప పడలేదు.

"అరవకండి సార్" అంది మెలె. పెదాలు కదిలీ కదలకుండా అంది.

సెతెఫానో చాపని అలాగే పట్టుకున్నాడు. ఇంటి వైపు నుంచి ఎవరికీ లోపల కనపడకుండా అది అడ్డుగా ఉంది. అడ్డుగా పట్టుకున్నాడో, అలా ఉండిపోయిందో అతనికే తెలీదు.

"ఎప్పుడు?"

"ఎండ ఎక్కిన కాసేపటికే. మెలె అన్నారు. ఇరవై మూడేళ్లకి ఒక్కసారి. అంతే."

"మరి ఇది..."

"చిన్నప్పుడు బడి మార్కుల కాగితాల మీద నాన్న సంతకం నేనే పెట్టుకునేదాన్ని. నాన్నే పోల్చుకోలేకపోయేవారు."

"అందులో ఏముందో తెలుసా నీకు?"

"చాప సందుల్లోంచి వెలుతురొస్తుంది సార్. చదివాను."

ఆమె గొంతులో ఏడుపు లేదు. సెతెఫానోకి ఆ క్షణంలో అక్క గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకే రాయిలా ఉన్నారు.

"వాడు నీ కొడుకు."

"ఇంకా ఇద్దరున్నారు సార్. పదిహేడేళ్లవాడు, పద్నాలుగేళ్లవాడు. మీరు చాప ఎత్తకుండా మేం లేచి వెళ్లిపోతే సాయంత్రానికి మీ ఊరివాళ్లు వాళ్లని ఉంచుతారా? ముసలాయన కూలిపోతే క్షమాపణ చెడిందని మీ వాళ్లే అంటారు. అందుకే పట్టుకున్నాను. మీరు మాటిచ్చారు. చాప ఎత్తారు. ఇక నా పిల్లల మీద చెయ్యి పడకూడదు."

అంతా సరిగ్గానే ఉంది. చాప లేచింది. కాగితం వెళ్లిపోయింది. తోమాసి బయటికి రాడు. ఒక్క సంతకం తప్ప అన్నీ నిజమే. అది దొంగ సంతకమని చెబితే, ఇంకా నాలుగు నిమిషాలుంది, తోమాసి పడవెక్కుతాడు. మెలె జైలుకెళుతుంది. క్షమాపణా చెడుతుంది. చెప్పకపోతే...

దీన్ని పంపడానికి పైన ఎవరూ లేరు. పైనున్న మనిషి ఎదురుగా కూర్చుని ఈగని తోలుకోలేకపోతున్నాడు.

"ఏంట్రా అక్కడే ఉండిపోయావు?" ఎసెత లేచి నిలబడింది. "ఏమైంది ముసలాడికి?"

సెతెఫానో చాప పక్కకి దించాడు.

లోసా కెవ్వుమంది. వెనక వరసల్లో ఆడవాళ్లు ఒక్కసారిగా శోకాలు మొదలెట్టారు. డ్రైవరు లేచి రాబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు.

"ఎప్పుడు పోయాడు?" అంది ఎసెత. ఆమె చూపు ముసలాడి మీద లేదు. తమ్ముడి మీద ఉంది. "సంతకం పెట్టాకేనా?"

మెలె పెన్నుని చీర కుచ్చిళ్లలాంటి నడుంగుడ్డ మడతలోకి దోపుకుంది. అది సెతెఫానో ఒక్కడే చూశాడు.

"ఇప్పుడే అక్కా" అన్నాడు. "పెట్టాకే."

అతని గొంతు స్థిరంగానే ఉంది. ఆఫీసులో ఉండే గొంతే.

సమసోని బాబాయ్ కర్ర ఊతంతో వచ్చి మలాకి ముందు కూలబడ్డాడు. ఊళ్లో ఏ ఇంట్లో ఎవరు పోయినా ఒళ్లు కడిగి సర్దేది ఆయనే. అరవై ఏళ్లుగా అదే చెయ్యి. ముందు రెప్పలు మూశాడు. తర్వాత తెరిచి ఉన్న నోరు మూద్దామని గడ్డం కింద అరచెయ్యి పెట్టి పైకి నొక్కాడు.

దవడ కదల్లేదు. ఇప్పుడే పోయిన మనిషి దవడలా లేదు, కొయ్యలా బిగుసుకుంది.

ఇంకోసారి నొక్కాడు. మెడ మీద రెండు వేళ్లు పెట్టి చూశాడు. వేళ్లని అక్కడే ఉంచి, తలెత్తి సెతెఫానో వైపు చూశాడు.

వెనక నుంచి ఎసెత అడుగుతోంది, "ఏంటి బాబాయ్, ఏంటి?"